ఖాళీ గెల ఖరీదు సున్నానా?

ఇంజనీరింగులో నా పక్క బెంచీ వాడొకడు పోయిన నెల ఒక ఎక్సెల్ షీటు పంపించాడు. "మామా, తీరిగ్గా చూడు. ఎనిమిది లక్షలు పెట్టావంటే నువ్వూ ఫౌండరువే" అని కింద ఒక ముక్క. ఈ ఎనిమిది లక్షలు ఎక్కడివంటే, నాలుగేళ్ళుగా ఫ్లాటు కోసమని నేను దాచుకుంటున్నవి. ఆ సంగతి వాడికి బాగా తెలుసు. అందుకే సరిగ్గా ఎనిమిదే అడిగాడు.

వాడి ఆలోచన ఇది. పామాయిల్ మిల్లుల్లో గెలల నుంచి పండ్లు రాల్చేశాక ఖాళీ గెలలు గుట్టలు గుట్టలుగా మిగిలిపోతాయి. వాటిని తెచ్చి, చీల్చి, ఆరబెట్టి, గుళికలు నొక్కి బాయిలర్లకి అమ్మాలి. రెండో ఏడాది నుంచి అదే పీచుతో బోర్డులు కూడా. షీటు చాలా బాగుంది. ట్యాబులున్నాయి, రంగులున్నాయి, ఐదేళ్ళ గ్రాఫు కుడివైపు పైకి ఎక్కడికో వెళ్ళిపోయింది. అన్ని గడుల్లోనూ ఏదో ఒక అంకె ఉంది. ముడిసరుకు ధర అన్న గడిలో మాత్రం సున్నా ఉంది.

"సున్నా ఏంట్రా?" అని ఫోను చేశాను.

"వేస్టు కదా మామా. పట్టుకుపోతే చాలంటున్నారు మిల్లు వాళ్ళు."

నాకు అప్పటికప్పుడు సమాధానం తట్టలేదు. కానీ ఆ సున్నా మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎందుకంటే ఆ గెలలు మావి. అంటే మావొక్కళ్ళవే అని కాదు లెండి. మాది జంగారెడ్డిగూడెం దగ్గర పల్లెటూరు. మాకు ఆరెకరాల పామాయిల్ తోట ఉంది. నా బీటెక్ ఫీజులు కట్టింది ఆ తోటే. మేం కాటా దగ్గర దింపే గెలలే మిల్లులో ఖాళీ గెలలై, మావాడి షీటులో సున్నా అయ్యాయి.

తోట తెలియని వాళ్ళ కోసం కాస్త వివరం. తెలిసినవాళ్ళు ఈ పేరా దాటెయ్యొచ్చు. నూరు టన్నుల గెలలు మిల్లుకి వెళితే నూనె పద్దెనిమిది నుంచి ఇరవై టన్నుల దాకా వస్తుంది. ఖాళీ గెలలు ఇరవై రెండు టన్నులు అనుకోండి. పండు పిండాక మిగిలే పీచు పదమూడు టన్నులు, గింజ పైపెంకు ఆరేడు టన్నులు, లోపలి పప్పు ఐదు టన్నులు అటూ ఇటూ. ఇవి కాక మిల్లు నుంచి బయటికొచ్చే మురుగు నీళ్ళు అరవై, డెబ్భై ఘనపు మీటర్లు. గెలల్ని ఆవిరిలో ఉడికించాలి, నూనె కడగాలి కాబట్టి అన్ని నీళ్ళు. అంటే మనం మూకుట్లో పోసుకునే ఒక వంతు నూనె కోసం దానికి ఎన్నో రెట్లు ఇంకేదో తయారవుతోందన్నమాట. ఆ "ఇంకేదో" మీదే ఇవాళ పీపీటీలన్నీ. గుళికలు, బోర్డులు, ఇథనాల్, బయోచార్, పరుపుల పీచు, అబ్బో!

ఇందులో ఒక తమాషా ఉంది. బరువు లెక్కన చూస్తే పామాయిల్ తోటలో అన్నిటికన్నా ఎక్కువ పడే "వ్యర్థం" మట్టలు. గెల కోసినప్పుడల్లా దాని కిందున్న మట్ట కొట్టెయ్యాలి. ఏడాదికి చెట్టుకి ఇరవై పైనే పడతాయి. కానీ వాటిని ఎవరూ వ్యర్థం అనరు, వాటి మీద స్టార్టప్ పెట్టమని నన్నెవరూ ఎనిమిది లక్షలు అడగలేదు. కారణం చిన్నది. మట్ట తోట దాటి బయటికి పోదు. చెట్ల వరసల మధ్య పడేస్తాం, అక్కడే కుళ్ళుతుంది, అక్కడే ఎరువవుతుంది. గెల కాటా ఎక్కింది కాబట్టి, అక్కడినుంచి పదిహేనో ఇరవయ్యో కిలోమీటర్లు వెళ్ళింది కాబట్టి అది వ్యర్థమైపోయింది. రెండూ ఒకే చెట్టువి.

రెండు వారాల కింద ఇంటికెళ్ళినప్పుడు నాన్నని అడిగాను, ఖాళీ గెల ఎంతుంటుంది అని.

"ఎంతుండటమేంట్రా? అమ్మేవాడెవడు, కొనేవాడెవడు?"

"మరి మన తోటలో వేస్తే?"

"వేస్తే మంచిదే. వేసవిలో పాదు తడి ఆరదు. మీ బాబాయి మూడేళ్ళ కింద నాలుగు ట్రక్కులు తోలించాడు. బాడుగలు చూసి మళ్ళీ ఆ ఊసెత్తలేదు."

అక్కడ కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. (ఎక్సెల్ మీద నాకు ఆ రోజు కోపం.) పామాయిల్ చెట్టు పొటాష్‌కి పెట్టింది పేరు, కిలోలకి కిలోలు లాగేస్తుంది. అలా లాగినదాంట్లో మంచి భాగం గెల కాడలో ఉంటుంది. మలేషియాలో ఎన్నో ఏళ్ళుగా వాడుతున్న లెక్క ప్రకారం ఒక టన్ను పచ్చి ఖాళీ గెలల్లో ఉన్న పోషకాలు ఏడు కిలోల యూరియా, మూడు కిలోల లోపు రాక్ ఫాస్ఫేటు, పంతొమ్మిది కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, నాలుగు కిలోల పైచిలుకు మెగ్నీషియం ఎరువుతో సమానం. మా తోట నుంచి ఏడాదికి యాభై టన్నుల గెలలు వెళతాయనుకుంటే ఖాళీ గెలలు పదకొండు టన్నులు. అంటే రెండొందల కిలోల పైన పొటాష్, నాలుగు బస్తాలు. బస్తా పదిహేను వందల పైమాటే. మిగతావి కూడా కలిపితే టన్ను ఖాళీ గెల విలువ ఒక్క ఎరువు కింద చూసినా ఏడొందలకి దగ్గర పడుతోంది.

ఏడు వేల చిల్లర మా ఇంటికి. నిజం చెప్పాలంటే పెద్ద సొమ్మేం కాదు, మన టీమ్ డిన్నరు బిల్లంత. కానీ ఏడాదికి లక్ష టన్నుల గెలలు ఆడే మిల్లుని తీసుకోండి. ఇరవై రెండు వేల టన్నుల ఖాళీ గెలలు, అంటే నాలుగొందల టన్నులకి పైగా పొటాష్, కోటిన్నర రూపాయల మాట. ఇంకో సంగతి. మన దేశం వాడే మ్యూరేట్ ఆఫ్ పొటాష్ మొత్తం దిగుమతే. కెనడా, రష్యా, బెలారుస్ లాంటి చోట్ల గనుల్లో తవ్వి, ఓడలో తెచ్చి, రైల్లో ఎక్కించి, మా ఊరి సొసైటీ నుంచి నాన్న బండి మీద తెచ్చి చెట్టు మొదట్లో వేస్తే, చెట్టు దాన్ని గెలలో పెడుతోంది. ఆ గెలని మేం మిల్లుకి పంపిస్తే మావాడు దాన్ని సున్నాకి కొని బాయిలర్లో వేస్తానంటున్నాడు. వంటనూనెల దిగుమతి తగ్గిద్దామని పామాయిల్ వేయించి, దానికోసం పొటాష్ దిగుమతి చేసుకుని, ఆ పొటాష్‌ని పొయ్యిలో పెట్టడం!

పైగా బాయిలరుకి అది పడదు కూడా. ఇది మాత్రం నేను చదువుతూ చదువుతూ నవ్వుకున్న విషయం. పొటాషియం ఎక్కువున్న ఇంధనం మండితే బూడిద తక్కువ వేడికే కరిగి, గొట్టాల మీద పేరుకుని గట్టిపడుతుంది. దానికి తోడు క్లోరిన్ ఉంటే లోహం తినేస్తుంది. ఖాళీ గెలల గుళికలకి మార్కెట్‌లో ఉన్న చెడ్డపేరు ఇదే. అందుకని ముందు గెలల్ని చీల్చి, నీళ్ళతో కడిగి, పొటాషియం వదిలించి ఆ తర్వాత ఆరబెడతారు. చెట్టుకి బలమైనదే బాయిలరుకి రోగం. మావాడి షీటులో "వాషింగ్" అని ఒక లైను ఉంది, దానికి పంపు ఖర్చు కూడా వేశాడు. కడిగిన నీళ్ళు ఎటు పోతాయో దానికి లైను లేదు.

తేమ సంగతి సరే సరి. పచ్చి ఖాళీ గెలలో అరవై, అరవై ఐదు శాతం నీళ్ళే. టన్ను తెస్తే గుళిక అయ్యేది నాలుగొందల కిలోల లోపు. మిగతా ఆరొందల కిలోల నీళ్ళని ఆవిరి చెయ్యడానికే, నేను వేసుకున్న మోటు లెక్కలో, ఆ గెలలో ఉన్న వేడిలో దాదాపు మూడో వంతు పోతుంది. ముందే మరలో పిండితే కొంత కలిసొస్తుంది, కాదనను. పిండినప్పుడు కాస్త నూనె కూడా దిగుతుంది, మిల్లులు ఆ పని చేస్తున్నాయి కూడా. మొత్తానికి లారీలో సగం పైన నీళ్ళు మోసుకుపోయే వ్యాపారం ఇది. నీళ్ళు కావలసింది ఫ్యాక్టరీకి కాదు, ఏప్రిల్లో మా తోటకి. మలేషియాలో పామాయిల్ వాన మీద పండుతుంది. మన గోదావరి జిల్లాల్లో బోరు మీద పండుతుంది. ఎండల్లో ఒక్కో చెట్టుకి రోజుకి రెండొందల లీటర్లు పైనే ఇవ్వాలి. పాదులో ఖాళీ గెలలు పరిస్తే తడి నిలుస్తుంది అన్న ముక్క అక్కడికంటే ఇక్కడ ఎక్కువ పనికొస్తుంది. ఇదేదో నా పరిశోధన అనుకునేరు, కాదు. మట్టలూ ఖాళీ గెలలూ పాదుల్లో పరవమని ఆయిల్ పామ్ సాగు పద్ధతుల్లో ఎప్పటినుంచో ఉన్నదే. దేశం మొత్తానికి ఆయిల్ పామ్ పరిశోధన సంస్థ మా ఇంటికి గంటన్నర దూరంలో, పెదవేగిలోనే ఉంది.

మరి ఎందుకు చెయ్యట్లేదు? ఇక్కడ మావాడి వాదనలో బలముంది. ఒప్పుకోవాలి.

"మీ రైతులు పట్టుకెళితే నాకెందుకిస్తారు మామా? ఎవరూ రావట్లేదు కాబట్టే గుట్టలు పడుతున్నాయి. వానొస్తే ఆ గుట్ట కింద నల్లటి నీళ్ళు కారుతున్నాయి. నేను తీసుకుంటే పదిమందికి పని దొరుకుతుంది. మీ నాన్న తీసుకోడు, నన్ను తీసుకోనివ్వవు. ఏంటి నీ బాధ?"

నా బాధ బాడుగ దగ్గరుంది. బాబాయి విషయంలో జరిగింది అదే. ఖాళీ గెల తేలిక, కానీ చోటు ఎక్కువ పడుతుంది. ట్రక్కు నిండినట్టే ఉంటుంది, తూకం వేస్తే మూడు టన్నులుండదు. మిల్లుకి వెళ్ళి, ముఠాకి డబ్బులిచ్చి ఎక్కించి, తీసుకొచ్చేసరికి ట్రక్కుకి రెండు వేలు అయ్యింది. దాంట్లో ఉన్న ఎరువు విలువ కూడా అంతే. అంటే బాబాయి తన పొటాష్‌ని తనే మళ్ళీ పూర్తి ధర పెట్టి కొనుక్కున్నాడు. తడి లాభం మిగిలింది కానీ ఆ లాభం ఏ బిల్లులోనూ కనపడదు కదా.

కానీ ఒక్కసారి ఆలోచించండి. గెలలు మా ఊరి కాటా నుంచి మిల్లుకి రోజూ లారీల్లో వెళుతున్నాయి. ఆ లారీలు తిరిగి ఎలా వస్తున్నాయి? ఖాళీగా! మనం ఆఫీసులో రిక్వెస్టు పంపి రెస్పాన్సు పారేసే కోడు ఎవడైనా రాస్తే రివ్యూలో చీల్చి చెండాడతాం. ఇక్కడ రోజూ కొన్ని వందల లారీలు అదే పని చేస్తున్నాయి. తిరుగు బండిలో గెలలు వేసి కాటా దగ్గర దింపితే డీజిలు ఖర్చు కొంచెం పెరుగుతుందేమో కానీ బాడుగ మొత్తం పడదు. రైతుకి మిగిలేది కాటా నుంచి తోట దాకా ఒక ట్రాక్టరు ఖర్చు. అంతకంటే మెరుగైన దారి ఇంకోటుంది, ఇది కూడా మలేషియా, ఇండోనేషియాల్లో నడుస్తున్నదే. మిల్లులోనే గెలల్ని చీల్చి, వరసలుగా పోసి, వాటి మీద మిల్లు మురుగు నీళ్ళే చల్లుతూ తిప్పుతూ ఉంటే రెండు మూడు నెలల్లో కంపోస్టు అవుతుంది. బరువు సగానికి తగ్గుతుంది, రెండు వ్యర్థాలు ఒకటై ఒక వస్తువు అవుతుంది. అప్పుడు ట్రక్కులో మోసేది నీళ్ళు కాదు, ఎరువు.

దీనికి మిల్లుకి డబ్బు రాదు. అందుకే జరగట్లేదు. గుళికలకి వస్తుంది, అందుకే జరుగుతుంది. నా గొడవంతా ఇదే.

ఇప్పుడు అసలు పేచీకి వద్దాం. ఖాళీ గెల ఎవరిది? ఆంధ్రప్రదేశ్‌లో ఆయిల్ పామ్ కోసం 1993లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో ఫ్యాక్టరీకి కేటాయిస్తారు, ఆ ప్రాంతం రైతు ఆ ఫ్యాక్టరీకే గెలలు వెయ్యాలి. గెల కోసిన తర్వాత ఎక్కువసేపు ఆగదు కాబట్టి అలాంటి ఏర్పాటు కావలసిందే, ఫ్యాక్టరీ కూడా తప్పనిసరిగా కొనాలి, దాన్ని నేను తప్పు పట్టను. కానీ బేరం ఆడే దారి లేనప్పుడు ధర సూత్రంలో ఏముందన్నదే మా బతుకు. కేంద్రం 2021లో ప్రకటించిన పామాయిల్ మిషన్‌లో ఆ సూత్రం ముడి పామాయిల్ ధరలో 14.3 శాతం. నూనె శాతం పాయింటు ఎంత అన్నదాని మీద, అవతల తెలంగాణలో ఎంతిస్తున్నారు ఇవతల మాకెంతిస్తున్నారు అన్నదాని మీద మావాళ్ళు ఏళ్ళ తరబడి ధర్నాలు చేశారు. చిన్నప్పుడు మా ఇంట్లో క్రికెట్ స్కోరు కంటే ఎక్కువ వినపడిన అంకె అది. అంత కొట్లాట జరిగినా అంతా నూనె చుట్టూనే. ఖాళీ గెల మాట ఎవరూ ఎత్తలేదు, దానికి ధర లేదు కాబట్టి.

రేపు ధర వస్తుంది. మావాడిలాంటి వాళ్ళు నలుగురొస్తే మిల్లు సున్నాకి ఇవ్వదు, ఐదొందలంటుంది, వెయ్యంటుంది. గింజ పెంకు సంగతి చూడండి. ఒకప్పుడు మలేషియాలో, ఇండోనేషియాలో మిల్లు బాయిలర్లో వెయ్యగా మిగిలింది రోడ్ల మీద పోసేవాళ్ళు. 2012లో జపాన్ పునరుత్పాదక విద్యుత్తుకి హామీ ధర ఇవ్వడం మొదలుపెట్టాక ఆ పెంకు ఓడలెక్కి జపాన్ పోతోంది. ధర వచ్చినప్పుడు ఆ సొమ్ము ఎవరి ఖాతాలో పడాలో ముందే రాసుకోకపోతే తర్వాత రాసుకోలేం. ఆ పని ఇప్పుడే, అది ఇంకా సున్నాగా ఉన్నప్పుడే చెయ్యాలని నా వాదన. సూత్రంలో ఒక చిన్న లైను చాలు. ఖాళీ గెల కావాలన్న రైతుకి, అతను వేసిన గెలల లెక్కన, కాటా దగ్గర తిరిగి ఇవ్వాలి. వద్దన్నవాడి వాటా మిల్లు అమ్ముకుంటే అందులో భాగం గెల ధరలో కలవాలి.

ధర వచ్చాక ఏమవుతుందో చూడాలంటే ఇండోనేషియా వెళ్ళాలి. మిల్లు మురుగు నీళ్ళ మీద కొంచెం నూనె తేలుతుంది. దాన్ని తోడి అమ్ముతారు. యూరప్ వాళ్ళు ఈ తోడిన నూనెతో చేసిన డీజిలుని "వ్యర్థం నుంచి వచ్చింది" అని ప్రత్యేకంగా చూస్తారు, లక్ష్యాల్లో రెట్టింపు లెక్క కడతారు. ఉద్దేశం మంచిదే. ఫలితం? 2024లో జనవరి నుంచి అక్టోబరు దాకా ఈ తరహా అవశేష నూనెల ఎగుమతి 34 లక్షల టన్నులు దాటిందని, అదే సమయంలో అసలు ముడి పామాయిల్ ఎగుమతి 27 లక్షల టన్నులేనని ఆ దేశ వాణిజ్య శాఖే చెప్పింది. పాల కంటే మీగడ ఎక్కువొచ్చిందన్నమాట! మంచి నూనెని, మంచి గెలల్ని కావాలని పాడుచేసి వ్యర్థం పేరుతో పంపుతున్నారన్న అనుమానం అందరికీ వచ్చింది. 2025 జనవరిలో వాళ్ళు ఆ ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టాల్సొచ్చింది. మనలో ఎవరికీ ఇది ఆశ్చర్యం కలిగించకూడదు. బగ్గుకింత అని బోనసు ప్రకటించిన టీములో బగ్గులు ఎలా పుడతాయో మనకి తెలియదా :-)

ఇదంతా చదివి నేను వ్యర్థాల నుంచి ఏదీ చెయ్యొద్దంటున్నానని అనుకోకండి. ఆ మురుగు నీళ్ళ దగ్గరే చెయ్యాల్సింది కొండంత ఉంది. ఆ నీళ్ళు మిల్లు నుంచి పొగలు కక్కుతూ వస్తాయి, పుల్లగా ఉంటాయి. నీళ్ళలోని కుళ్ళుని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే కొలత ఒకటుంది, బీఓడీ అంటారు. ఊరి మురుగుకి అది లీటరుకి రెండు మూడొందల మిల్లీగ్రాములైతే వీటికి పాతిక వేలు. అలాంటి నీళ్ళు కాలవలోకి వదిలితే చేపలకి గాలి ఆడదు. మలేషియాలో డెబ్భైల్లో నదులు అలాగే చచ్చాయి. 1977లో వాళ్ళు నిబంధనలు తెచ్చారు. ఆ పద్ధతి నాకు చాలా నచ్చింది. రాత్రికి రాత్రి మారమనలేదు. 1978లో ఐదు వేలు, తర్వాత ప్రతి ఏడూ తగ్గించుకుంటూ 1984కి వంద. లైసెన్సు ఫీజు కూడా ఎంత మురికి వదిలితే అంత. మిల్లులు మూతపడలేదు, నీళ్ళు శుభ్రపడ్డాయి, పరిశ్రమ పెరిగింది.

కానీ శుభ్రం చేసే పద్ధతి పెద్ద పెద్ద చెరువుల్లో నిలవెయ్యడం. నీళ్ళు బాగుపడ్డాయి కానీ చెరువుల నుంచి మీథేను గాల్లోకి పోయింది. అది బొగ్గుపులుసు వాయువు కంటే నూరేళ్ళ లెక్కన ఇరవై ఎనిమిది రెట్లు వేడెక్కిస్తుంది. చెరువు మీద మూత వేస్తే అదే గ్యాసు. ఘనపు మీటరు మురుగుకి ఇరవై ఎనిమిది ఘనపు మీటర్ల గ్యాసు వస్తుంది. రోజుకి ఆరొందల టన్నుల గెలలు ఆడే మిల్లయితే ఇరవై వేల యూనిట్ల కరెంటు దాకా తీయొచ్చు. 2014 నుంచి మలేషియాలో కొత్త మిల్లు పెట్టాలంటే గ్యాసు పట్టాల్సిందే. మావాడు ఎనిమిది లక్షలు దీనికి అడిగుంటే నేను ఇంతసేపు ఆలోచించేవాణ్ణి కాదు. ఇది ఎవరి పొటాష్‌నీ ఎత్తుకుపోదు. గ్యాసు పోగా మిగిలిన నీళ్ళలో పోషకాలు పోషకాల్లాగే ఉంటాయి, తోటకి పెట్టొచ్చు. ఇబ్బంది ఒక్కటే. మన దగ్గర గెలలు వానాకాలంలో విరగబడి వస్తాయి, చలికాలంలో పలచబడతాయి. గ్యాసు చేసే సూక్ష్మజీవులకి ఏడాది పొడుగునా తిండి కావాలి. ప్రాజెక్టు లేదని వాటిని బెంచి మీద కూర్చోబెట్టడం కుదరదు.

చెట్టు మొద్దుల సంగతి కూడా అంతే. మా ప్రాంతంలో తొంభైల్లో వేసిన తోటలు ముదిరిపోయాయి. ఎంత పొడుగు గెడకి కొడవలి కట్టినా గెల అందట్లేదు. వాటిని పడగొట్టి కొత్తవి వేసే రోజులివి. ఆ మొద్దులు ఏం చెయ్యాలో ఎవరైనా షీటు వేస్తే నేను చదువుతాను. అవి మొత్తం తోటలోనే కుళ్ళబెడితే కొమ్ము పురుగు చేరుతుంది, అక్కడ రైతుకి నిజంగానే బయటివాడి అవసరం ఉంది. (ఖాళీ గెలలకీ ఈ బెడద ఉంది. గుట్టగా పొయ్యకూడదు, ఒక్క వరసగా పరవాలి. ఇది బాబాయికి ఎవరూ చెప్పలేదు, పాదులో మోకాలెత్తు పోసి ఈగలతో చుట్టుపక్కల వాళ్ళ చేత తిట్లు తిన్నాడు.)

సరే, మావాడికి ఏం చెప్పానంటారా? డబ్బు ఇవ్వను అనలేదు. ఆ గడిలో సున్నా తీసేసి ఏడొందలు పెట్టి మళ్ళీ పంపమన్నాను. ఆ ఏడొందలు ఊహించింది కాదు, ఆ టన్నుని పొయ్యిలో పెడితే రైతు కొట్లో కొనాల్సిన ఎరువు ఖరీదు అని వివరంగా రాశాను. రెండు రోజులు జవాబు లేదు. మూడో రోజు షీటు వచ్చింది. ఐదో ఏడాది దాకా అన్ని గడులూ ఎర్రగా ఉన్నాయి. కింద ఒక వాక్యం: "ఇలా చూస్తే ఏ వ్యాపారమూ చెయ్యలేం మామా." నాకు కొంచెం బాధేసింది. వాడు ఉద్యోగం మానేసి తిరుగుతున్నాడు, మోసగాడు కాదు. ఇప్పుడు కంపోస్టు లెక్క వెయ్యమంటున్నాను, మిల్లు ఆవరణలోనే షెడ్డు, తిరుగు లారీలు. లాభం సన్నంగా ఉంది కానీ ఎరుపు లేదు. గ్రాఫు పైకి ఎగరకపోయేసరికి ఫౌండరుగారికి ఉత్సాహం రావట్లేదు.

ఈలోగా నాన్న ఊరుకోలేదు. కాటా దగ్గర లారీ డ్రైవరుతో మాట్లాడి, తిరుగు బండిలో ఒక లోడు వేయించుకొచ్చాడు. మిల్లు దగ్గర ముఠాకి, డ్రైవరు టీ ఖర్చులకి, ఇక్కడ మా ట్రాక్టరుకి కలిపి బాబాయికి అయినదాంట్లో సగం కూడా కాలేదట. పోయిన ఆదివారం నేనూ వెళ్ళి పరిచాను. చేతులకి ముళ్ళు గుచ్చుకున్నాయి, వాసన రెండు స్నానాలకి వదల్లేదు. పదహారు చెట్లకి వచ్చింది. మిగతా మూడొందల చిల్లర చెట్లు అలాగే ఉన్నాయి.

సాయంత్రం బస్సెక్కించడానికి వచ్చినప్పుడు నాన్న అడిగాడు, "మీవాడి ఫ్యాక్టరీ ఏమైంది?"

"లెక్కలు చూస్తున్నాడు నాన్నా."

"మంచి కుర్రాడే. ఇటొస్తే భోజనానికి రమ్మను. గెలలు మాత్రం అడగొద్దని చెప్పు."